"ఇరవయ్యారా, ఇరవైతొమ్మిదా?" అని అడిగితే

సైకిల్ షాపులో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. అది చక్రం కొలత. మీకు సరిపోవాల్సింది ఫ్రేము. 29 అంగుళాల చక్రాల మీద 15 అంగుళాల ఫ్రేమూ వస్తుంది, 21 అంగుళాల ఫ్రేమూ వస్తుంది. మన ఊళ్లలో అమ్మే చాలా మోడళ్లు ఒకే ఫ్రేము సైజులో దొరుకుతాయి కాబట్టి షాపువాళ్లు ఆ మాట ఎత్తరు. సీటు కిందికి దించి, "కూర్చోండి సార్, కాళ్లు ఆనుతున్నాయిగా, సరిపోయింది" అనేస్తారు. అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి ఆ పరీక్ష చాలు. రోజూ ఆఫీసుకో కాలేజీకో తొక్కేవాళ్లకి మాత్రం అది తప్పు పరీక్ష. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ చదునుగా నేలకి ఆనించగలిగారంటే సీటు బాగా కిందికున్నట్టే.

షాపుకి వెళ్లేముందు ఇంట్లో ఒక్క కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకి వీపు ఆనించి, పాదాలు ఒక జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. గట్టి అట్ట పుస్తకాన్ని తొడల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి ఉంటుందో అంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం అంచు గోడకి సమంగా ఆనాలి, వాలితే కొలత తప్పుతుంది. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా ఇంకొకరు టేపు పెట్టి చదవాలి. టైలర్ రాసుకున్న ప్యాంటు పొడవు దీనికి పనికిరాదు.

165 సెంటీమీటర్ల మనిషికి ఈ కొలత 76 వచ్చిందనుకుందాం. దాన్ని 0.883తో గుణిస్తే 67. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు, అదే మెకానిక్‌లు బీబీ అనేది, దాని మధ్య నుంచి సీటు గొట్టం వెంబడి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు ఇది. రేసు తొక్కేవాళ్ల నుంచి వచ్చిన లెక్క కాబట్టి, ట్రాఫిక్‌లో మాటిమాటికీ ఆగేవాళ్లు ఒక సెంటీమీటరు తక్కువతో మొదలుపెట్టడం మంచిది. సరిచూసుకోవడానికి గోడ పట్టుకుని సైకిలెక్కి, పెడల్‌ని అడుక్కి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు అదే కాలు మోకాలి దగ్గర కొద్దిగా వంగుతుంది, కావాల్సింది అంతే. రోజూ ఏ చెప్పులతో తొక్కుతారో వాటితోనే చూసుకోండి. సన్నటి హవాయి చెప్పుకీ మందపు బూటుకీ తేడా సీటు ఎత్తులో తెలుస్తుంది.

ఇంత ఎత్తులో కూర్చుంటే ఆగేదెలా అని అడుగుతారు. సీటు మీదే ఉండి కాలు చాచక్కర్లేదు. బ్రేకు వేస్తూ సీటు ముందుకి జారి, రాడ్‌కి అటూ ఇటూ కాళ్లేసి నిలబడాలి. అందుకే రాడ్ ఎత్తు ముఖ్యం. అలా నిలబడినప్పుడు పై రాడ్‌కీ మీకూ మధ్య కనీసం మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. 28 అంగుళాల చక్రాలు, 22 అంగుళాల ఫ్రేమున్న పాత తరహా నల్ల సైకిళ్లలో ఆ రాడ్ నేల నుంచి దాదాపు 80 సెంటీమీటర్లుంటుంది. పై లెక్కలోని 76 మనిషి దాని మీద ఒక పక్కకి ఒరిగి ఆగాల్సిందే. రాడ్ కిందికి వంగిన లేడీస్ ఫ్రేముకి ఈ బాధ లేదు. చీరైనా పంచె అయినా నిండు చైన్ కవరున్న అలాంటి ఫ్రేమే హాయి. మగవాళ్లు దాన్ని ఎందుకు వద్దంటారో నాకైతే అర్థం కాదు.

కాలి కొలతని 0.226తో గుణిస్తే ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, ఫ్రేము సైజు అంగుళాల్లో వస్తుందని ఒక లెక్క ఉంది. 76కి 17 వస్తుంది. ఉజ్జాయింపుకి పనికొస్తుంది గానీ దాన్నే పట్టుకుని కూర్చోకండి. ఇప్పటి ఫ్రేముల్లో పై రాడ్ వాలుగా ఉంటుంది కాబట్టి, సైజుగా చెప్పే అంకె, అంటే ఫ్రేములో సీటు కింది గొట్టం పొడవు, అసలు సైజుని చెప్పదు. కంపెనీ ఇచ్చే ఎత్తుల పట్టిక చూసి, తొక్కి చూడటమే మేలు.

తొక్కేటప్పుడు చూడాల్సింది హ్యాండిల్ ఎంత దూరంగా ఉందన్నది. సీటుని పది సెంటీమీటర్లయినా ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు. దూరం విషయంలో అంత వీలుండదు, హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క, అదే స్టెమ్, మార్చినా రెండు మూడు సెంటీమీటర్లే కలిసొస్తాయి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, భుజాలు చెవుల వైపు లేవకూడదు. ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. హ్యాండిల్ కూడా మీతోపాటు తిరిగిపోయిందంటే అది మీకు దూరం. హ్యాండిల్ అందడం లేదని సీటుని ముందుకి జరపడం చాలామంది చేసే పని. దాంతో మోకాలు పెడల్‌ని దాటి ముందుకొచ్చేసి, కొన్నాళ్లకి నొప్పి మొదలవుతుంది. సీటు ముందువెనకలకి వేరే కొలత ఉంది. పెడల్ కడ్డీలు రెండూ నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు ముందున్న మోకాలి నుంచి దారానికి బరువు కట్టి వదిలితే అది ఆ ముందు పెడల్ సొంత ఇరుసు మీదుగా దిగాలి.

నొప్పి ఎక్కడుందో చూస్తే తప్పెక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. మోకాలి ముందు భాగం నొస్తే సీటు కిందికుంది. మోకాలి వెనక లాగుతున్నా, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతున్నా సీటు మీదికుంది. అరచేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు కిందికి వాలి ఒంటి బరువంతా చేతుల మీద పడుతోంది. ఏదైనా ఒకసారికి ఐదు మిల్లీమీటర్లే మార్చి రెండు మూడు రోజులు తొక్కి చూడండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు. పనిముట్లంటారా, 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు చాలు. పాత సైకిళ్లకైతే స్పానరు. సీటు నుంచి ఫ్రేములోకి దిగే గొట్టం మీద చెక్కిన గీత ఫ్రేములోంచి బయటికి కనిపించేంత పైకి మాత్రం లాగకండి. గొట్టం విరుగుతుంది, లేదా ఫ్రేము చీలుతుంది. ఆ గీత కనిపిస్తే తప్ప ఎత్తు చాలడం లేదంటే ఆ సైకిల్ మీ సైజు కాదు.

చక్రం అంకెతో ఇంకో చిక్కు టైరు మార్చేటప్పుడు వస్తుంది. 26 × 1⅜ టైరు 590 మిల్లీమీటర్ల రిమ్ముది, 26 × 1.95 టైరు 559ది. రెండూ ఇరవయ్యారే, ఒకదానికొకటి ఎక్కవు. 29కీ, 700సీ అని రాసి ఉండే చక్రానికీ మాత్రం రిమ్ము ఒకటే, 622. టైరు పక్కన ఉన్న ఈ మూడంకెల కొలతని ఫోటో తీసుకుని షాపుకి వెళ్లండి.

ఇక హెల్మెట్. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే వర్తిస్తుంది, సైకిలుకి ఆ నిర్బంధం లేదు. ఇంట్లో ఉన్న బైకు హెల్మెట్ పెట్టుకుంటే సరిపోదా అంటే, అది కిలో పైచిలుకు బరువు, గాలాడదు. మే నెల ఎండలో పది నిమిషాలు తొక్కితే తీసి హ్యాండిల్‌కి తగిలించేస్తారు. సైకిల్ హెల్మెట్ సాధారణంగా 250 నుంచి 350 గ్రాములుంటుంది. లోపలి స్టిక్కరు మీద ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 1078 గానీ అమెరికా సీపీఎస్సీ గానీ ఉందో లేదో చూడండి. ఏదీ లేకపోతే అది థర్మోకోల్ టోపీ అనుకోవచ్చు. ఈ ప్రమాణాల పరీక్షలు ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తు నుంచి పడేసి చేసేవి. సైకిల్ మీంచి రోడ్డు మీద పడ్డ దెబ్బకి సరిపోతాయి, లారీ గుద్దితే కాదు.

కనుబొమలకి రెండు సెంటీమీటర్ల పైన తల చుట్టూ టేపు పెట్టి కొలవండి. 57 వస్తే ఎక్కువ కంపెనీల్లో ఎం సైజు, అంకెలు కంపెనీని బట్టి మారతాయి. పెట్టుకున్నాక ముందు అంచుకీ కనుబొమలకీ మధ్య రెండు వేళ్లే పట్టాలి. నుదురంతా కనిపించేలా వెనక్కి వాలిస్తే, ముఖం కొట్టుకునేలా పడ్డప్పుడు మొదట తగిలేది ఆ నుదురే. పట్టీలు చెవి కింద ఆంగ్ల వీ ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి. హెల్మెట్ వెనక భాగంలో తిప్పే చిన్న బిళ్లని బిగించి, పట్టీ పెట్టకుండా తల గట్టిగా అటూ ఇటూ ఊపండి. జారితే సైజు పెద్దది. పట్టీ బిగించి సరిపెట్టుకుందామనుకోకండి. కొప్పు ఎత్తుగా వేసుకుంటే హెల్మెట్ కూర్చోదు, మెడ దగ్గర వదులుగా జడ వేసుకోవాలి. మంకీ క్యాప్ మీద పెట్టడమూ అంతే. తలకి నూనె పెట్టేవాళ్లు లోపలి ప్యాడ్‌లని వారానికోసారి సబ్బునీళ్లలో ఉతకాలి, లేకపోతే నూనెకి హెల్మెట్ జారుతుంది.

లోపలి ఫోము దెబ్బకి నలిగి ఆ తాకిడిని తను తీసుకుంటుంది, నలిగాక మళ్లీ ఉబ్బదు. గట్టిగా పడ్డారంటే పైన పగులు లేకపోయినా మార్చేయాలి. ఎండలో నిలిపిన కారు అద్దం కింద వదిలేయకండి, పెట్రోలుతో తుడవకండి.

పిల్లల దగ్గరికొస్తే "పెరుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది కొనడం మనింటి ఆచారం. నేర్చుకునే పిల్లలకి మాత్రం సీటు అట్టడుగున ఉన్నప్పుడు పాదాలు రెండూ నేలకి ఆనాల్సిందే, హెల్మెట్ ఈ రోజు తలకి సరిపోవాల్సిందే. బ్రేకు లివరు వాళ్ల వేళ్లకి అందుతోందో లేదో కూడా చూడండి. చాలా లివర్లలో పిడి వైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివరు హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. ఆ తర్వాత కేబులు మళ్లీ సరిచేసి, లివరు పిడికి తగలకముందే బ్రేకు పడుతోందో లేదో చూసుకోవాలి.