దుబాయ్ సెలవు, దవడ పన్ను, ఆదివారం క్లాసు

కోరుట్ల చుట్టుపక్కల పండ్ల దవాఖాన నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతే. మా దగ్గర పేషెంటు నొప్పిని బట్టి రాడు, సెలవును బట్టి వస్తాడు. దుబాయ్, మస్కట్, సౌదీ, ఎక్కడ పనిచేసినా రెండేళ్లకోసారి దొరికే నెలన్నర, రెండు నెలల సెలవులోనే ఇంటి స్లాబు, చెల్లె పెండ్లి, పాసుబుక్కు పని అన్నీ తెమలాలి. అవన్నీ అయ్యాక పన్ను గుర్తొస్తుంది.

"మేడం, బేస్తారం ఫ్లైటు ఉన్నది. ఏమన్నా చేసి పంపుండ్రి."

ఈ మాట చెప్పేది సోమవారం సాయంత్రం. అక్కడ చూపించుకోలేకపోయావా అంటే, "కంపెనీ ఇన్సూరెన్స్ కార్డుల పండ్లు రావు మేడం" అంటారు. అందుకే నేను ఏ కోర్సుకు డబ్బు కట్టాలన్నా, ఏ మిషన్ వైపు చూడాలన్నా ముందు వేసుకునే లెక్క ఒకటే. సెలవు మీద వచ్చిన మనిషికి ఇది పనికొస్తుందా?

కోర్సులకైతే కొదవ లేదు. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు సీడీఈ పాయింట్లు (డిగ్రీ అయ్యాక కూడా నేర్చుకుంటున్నామని లెక్క) చూపాలి కాబట్టి, వాట్సాప్ తెరిస్తే పోస్టరు మీద పోస్టరు. లేజర్, ఇంప్లాంట్, అలైనర్, డిజిటల్ స్మైల్ డిజైన్. హోటల్ హాలు, పొద్దున ఇడ్లీ వడ, మధ్యాహ్నం బిర్యానీ, వెనక కంపెనీల స్టాళ్లు. పాయింట్ల కోసం వచ్చేవాళ్లు సంతకం పెట్టి బిర్యానీ దాకా ఆగి వెళ్లిపోతారు. వాళ్లను నేనేమీ అనను, ఆదివారం ఒక్కటే కదా ఇంట్లో ఉండేది. నాకు చికాకు తెప్పించేది స్లైడ్లు. మిషన్ అమ్మేవాడే పాఠం చెప్పించే కోర్సుల్లో ఒక్క కేసు కూడా చెడిపోదు. ప్రతి పన్నుకూ ముందు ఫొటో, తర్వాత ఫొటో. చేయి లేపి "ఐదేళ్ల తర్వాత ఎక్స్‌రే ఉందా సార్" అని అడిగితే హాలంతా నా వైపే చూస్తుంది.

నాకు నిజంగా పనికొచ్చిన కోర్సు హన్మకొండలో, నక్కలగుట్టలోని ఒక హోటల్లో జరిగిన రూట్ కెనాల్ హ్యాండ్సాన్, అంటే వినడం కాదు, చేత్తో చేసి నేర్చుకునే కోర్సు. అది ఎందుకు పనికొచ్చిందో చెప్పాలంటే ముందు విమానం సంగతి చెప్పాలి.

రూట్ కెనాల్ సగం చేసి, లోపల దూది, మీద టెంపరరీ సిమెంటు పెట్టి మనిషిని విమానం ఎక్కించడం నాకు ఇష్టం ఉండదు. విమానం పైకి పోయినకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గుతుంది. లోపల వాపు గానీ చీము గానీ ఉన్న పన్ను ఆ మార్పుకు సలపడం మొదలుపెడుతుంది. దీనికి బారోడాంటాల్జియా అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలు నడిపేవాళ్ల పంటి నొప్పుల వల్ల దీని మీద డాక్టర్ల దృష్టి పడింది. రియాద్‌లో దిగి నేరుగా క్యాంపుకు పోయేవాడికి మిగతా సగం చేసేదెవరు? కాబట్టి వీలైతే ఒక్క సిట్టింగులో పూర్తి చేయాలి. ఒక్క సిట్టింగుకూ రెండు మూడు సిట్టింగులకూ మధ్య, చివరికి పన్ను నిలబడే విషయంలో చెప్పుకోదగ్గ తేడా పరిశోధనలన్నీ కలిపి చూసే కొక్రేన్ సమీక్షల్లోనూ కనపడలేదు. చీము కారుతూనే ఉంటే, దవడ వాచి ఉంటే మాత్రం నేను ఆ పని చేయను. టికెట్ మార్చుకొమ్మంటాను, తిట్టుకున్నా సరే.

అయితే ఒక్క సిట్టింగు అంటే లోపల ఏదీ మిగలకూడదు. పైదవడ మొదటి పెద్ద పన్ను దగ్గరే అసలు చిక్కు. దానికి మూడు వేర్లు, వాటి లోపల మూడు కెనాల్స్ (సన్నటి గొట్టాలు) అన్నట్టే చాలామంది పని చేసుకుపోతారు. కానీ బుగ్గ వైపు ముందు వేరులో సగానికి పైగా పండ్లలో రెండో కెనాల్ ఉంటుంది. మొదటిది ఎంబీ1, దీన్ని ఎంబీ2 అంటారు. దాన్ని కడగకుండా మూసేస్తే మిగతా మూడూ ఎంత చక్కగా నింపినా పన్ను ఏదో ఒక రోజు మళ్లీ సతాయిస్తుంది.

హన్మకొండలో ఎవరి పండ్లు వాళ్లే తెచ్చుకోవాలన్నారు. మన దవాఖానల్లో పీకినవే. వాటిని ప్లాస్టర్ దిమ్మల్లో నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఒక టేబుల్, లైటు, లూప్స్ (కళ్లకు పెట్టుకునే భూతద్దాలు), సన్నగా కంపిస్తూ పంటిని గీకే అల్ట్రాసోనిక్ టిప్పు ఇచ్చారు. పాఠం చెప్పిన సారు పొద్దున మొదటి గంట తన చేతిలో విరిగిన ఫైళ్ల (కెనాల్ గీకే సన్నటి సూదుల) ఎక్స్‌రేలే చూపించారు. వేర్ల మధ్య నేలకు కన్నం పడిన కేసు కూడా ఉంది అందులో. అప్పుడే అనుకున్నాను, కట్టిన డబ్బులకు న్యాయం జరుగుతుందని.

పన్ను తెరిచాక లోపలి నేల బూడిద రంగులో ఉంటుంది, గోడలు కొంచెం తెల్లగా, పసుపుగా. ఆ రంగు తేడా వట్టి కంటికి అంతగా తెలియదు, లూప్స్ పెట్టుకుంటే గీత గీసినట్టు కనపడుతుంది. ఎంబీ1 నోటి నుంచి అంగుడి వైపు కెనాల్ దాకా ఊహలో ఒక గీత గీసుకుని, ఆ గీతకు కాస్త ముందు వైపు వెతకాలి. అక్కడ మొదట ఏమీ ఉండదు, డెంటిన్ (పంటి లోపలి గట్టి పొర) అరుగు ఒకటి అడ్డం పడి ఉంటుంది. టిప్పును నీళ్లు లేకుండా, ఒత్తకుండా, తాకీ తాకనట్టు ఆ అరుగు మీద ఆడిస్తే తెల్లటి పొడి లేస్తుంది. గాలి కొట్టినప్పుడు మిగతా పొడి ఎగిరిపోతుంది, సన్నటి గాడిలో ఇరుక్కున్న పొడి మాత్రం తెల్ల చుక్కలాగా నిలిచిపోతుంది. అక్కడ కెనాల్ కడిగే మందు హైపోక్లోరైట్ ఒక బొట్టు వేసి చూస్తూ ఉండాలి. లోపల కండ ఉంటే అదే చోటు నుంచి సన్నటి బుడగలు లేస్తాయి. అప్పుడు 8 నంబరు ఫైలు మొన కాస్త వంచి పెడితే పట్టుకుంటుంది. ఆ పట్టు వేళ్లకు తెలిసినప్పటి ఆనందం బయటివాళ్లకు చెప్పి ఒప్పించలేం.

నా పక్క టేబుల్ మీద మంచిర్యాల నుంచి వచ్చిన సీనియర్ సారు ఒకరున్నారు. ఆయనకూ దొరికింది. లూప్స్ పైకెత్తి, నుదురు తుడుచుకుని, "ఇన్నేండ్ల సంది దీని మీదనే సిమెంటు పెట్టి మూస్తున్నం గదమ్మా" అన్నారు. నవ్వారు గానీ, టీ బ్రేకుకు లేవలేదు.

ఇంకొకటి కూడా అక్కడే బాగా అర్థమైంది, అపెక్స్ లొకేటర్, అంటే ఫైలు వేరు చివరికి ఎంత దగ్గరికి పోయిందో కరెంటుతో చూపే మిషన్. మనలో చాలామంది దగ్గర ఉంది, రోజూ వాడతాం, స్క్రీన్ మీద 0.5 కనపడితే వేరు చివరికి అర మిల్లీమీటరు దూరంలో ఉన్నాం అనుకుంటాం. ఆ అంకె మిల్లీమీటర్లు కానే కాదు. నోటి చర్మానికీ వేరు చుట్టూ ఉండే పొరకూ మధ్య విద్యుత్ నిరోధం దాదాపు 6.5 కిలో ఓమ్‌ల దగ్గర స్థిరంగా ఉంటుందని 1962లో సునాడా అనే జపాన్ డాక్టరు చూపించాడు. ఈ మిషన్లన్నిటికీ అదే పునాది. ఇప్పటివి రెండు మూడు ఫ్రీక్వెన్సీలు పంపి పోల్చుకుంటాయి. వాటిలో గట్టిగా నమ్మదగ్గది సున్నా, అంటే ఫైలు మొన వేరు బయటి రంధ్రాన్ని తాకిన చోటు. సున్నా దాకా పోయి, అక్కడి నుంచి అర మిల్లీమీటరు స్కేలు మీద కొలిచి వెనక్కి రమ్మన్నారు. కెనాల్ తడిగా ఉండాలి, పైన గది పొడిగా ఉండాలి, ఫైలు పాత సిల్వర్ ఫిల్లింగుకో మెటల్ క్యాపుకో తగలకూడదు. ఈ మూడూ చూసుకోకుండా మిషన్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ.

క్యాపుల దగ్గరికి వస్తే సెలవు లెక్క ఇంకా గట్టిది. మునుపు పుట్టీతో కొలత తీసి, దాన్ని డబ్బాలో పెట్టి ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్ ల్యాబుకు పంపేవాళ్లం. ఎక్కడన్నా ఆగిందంటే పేషెంటు ఫోన్లు, మన ఫోన్లు. నోట్లో పెట్టి కెమెరాతో కొలత తీసే ఇంట్రాఓరల్ స్కానర్‌తో కంప్యూటర్ ఫైలు సాయంత్రానికే ల్యాబులో ఉంటుంది, మార్జిన్ (క్యాపు అంచు కూర్చునే గీత) బాగా రాలేదని వాళ్లు చెబితే మనిషి ఇంకా కుర్చీలో ఉండగానే మళ్లీ స్కాన్ చేయొచ్చు. నాకు ఇందులో నచ్చింది ఇదే. జిర్కోనియా (గట్టి పింగాణీ లాంటి) క్యాపు మాత్రం ల్యాబులో తన టైము తాను తీసుకుంటుంది. మెత్తటి దిమ్మ నుంచి 20 నుంచి 25 శాతం పెద్దగా చెక్కి, 1,500 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే అది కుంచించుకుని అసలు సైజుకు వస్తుంది. ఆ పనిని ఇంటికి తెచ్చుకునే కోరిక నాకు లేదు, కోరుట్లలో కరెంటు సంగతి నాకు తెలుసు.

స్కానర్ డెమోలు మాత్రం చూసి నవ్వుకోవాల్సిందే. స్టేజీ మీద ప్లాస్టర్ దవడను స్కాన్ చేసి రెండు నిమిషాల్లో అయిపోయింది చూడండి అంటారు. ప్లాస్టర్ దవడకు నాలుక ఉండదు, ఉమ్మి ఊరదు, తంబాకు తిని తిని ముట్టుకుంటే రక్తం కారే చిగురు ఉండదు. కెమెరాకు కనపడిందే స్కాన్. పుట్టీ అయితే చిగురును కాస్త పక్కకు నెట్టి లోపలికి పోయేది, కెమెరా ఎవరినీ నెట్టదు. సన్నటి దారం (కార్డ్) పెట్టి చిగురు విప్పడం, రక్తం ఆపడం చేతకానివాడు ఎంత ఖరీదైన స్కానర్ కొన్నా అది రక్తాన్నే స్కాన్ చేసి పంపుతుంది. ఒక క్యాపు, రెండు క్యాపులకు కొలత బాగా వస్తుంది, దవడ మొత్తం స్కాన్ చేస్తే ఒక చివరి నుంచి ఇంకో చివరికి తేడా పేరుకుంటుంది. ఇది స్టాల్లో ఎవరూ తమంతట తాము చెప్పరు, అడిగితే ఒప్పుకుంటారు.

ఇంప్లాంట్ల విషయంలో మా ఊరి పద్ధతి వేరు. 1965లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు మొదటి పేషెంటుకు టైటానియం స్క్రూలు వేసినప్పటి నుంచి చాలా ఏళ్లు నడిచిన పద్ధతి ఏమిటంటే, స్క్రూ వేసి, ఎముక దాన్ని పట్టుకునేదాకా కింది దవడలో మూడు నెలలు, పైదవడలో ఆరు నెలలు ముట్టుకోకూడదు. ఇప్పుడు మూడు రోజుల్లో పండ్లు అని ఫ్లెక్సీలు కడుతున్నారు. వెంటనే పన్ను బిగించే పద్ధతి ఉన్నమాట నిజమే, వేసేటప్పుడు స్క్రూ దాదాపు 35 న్యూటన్ సెంటీమీటర్ల టార్క్‌కు బిగుసుకుంటే ఆలోచించొచ్చు. కానీ బిగించాక మొదటి నెలల్లో దగ్గరుండి చూసుకోవాలి. నాలుగో రోజు విమానం ఎక్కి, క్యాంపులో గట్టి రొట్టె నమిలేవాడిని ఎవరు చూసుకుంటారు?

మావాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. "ఈ సెలవుల స్క్రూ, వచ్చే సెలవుల పన్ను. నడుమ తీసి పెట్టుకునే పన్ను ఇస్త." మొదట్లో ముఖం చిట్లించేవారు. ఇప్పుడు మెట్‌పల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు వాళ్లే అడుగుతున్నారు, ఈసారి స్క్రూ వేసి పంపుండ్రి మేడం, మళ్లొచ్చినప్పుడు చూద్దాం అని. సీబీసీటీ (దవడ త్రీడీ ఎక్స్‌రే) తీసి కింది దవడలో నరం ఎంత దూరంలో ఉందో చూడకుండా మాత్రం డ్రిల్లు పట్టను.

వీటన్నిటి మధ్య ఒక కోర్సు కోసం ఎదురుచూస్తున్నాను, ఎవరూ పెట్టడం లేదు. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్, పుచ్చును ఆపే మందు. కొడుకు దుబాయ్‌లో, అవ్వ ఇంటి దగ్గర, నోట్లో చిగురు దిగిపోయి వేరు మీద పుచ్చు. డ్రిల్లు చూస్తేనే బీపీ పెరిగే మనిషి. 38 శాతం ద్రావణం ఒక్క బొట్టు, చిన్న బ్రష్షుతో ఒక నిమిషం రుద్దితే చాలా పుచ్చులు అక్కడితో ఆగిపోతాయి. ఆ చోటు నల్లగా మారుతుంది, ముందే చెప్పి ఒప్పించాలి. "నల్లగైతే ఏమాయె బిడ్డా, బుక్క నమిలితే చాలు" అన్నది నా దగ్గరికి వచ్చే ఒక బీడీల అవ్వ. ఎవరికి వేయాలి, ఎవరికి వద్దు, ఎన్ని నెలలకు మళ్లీ వేయాలి, మీద గ్లాస్ అయనోమర్ సిమెంటు ఎప్పుడు పెట్టాలి, ఇవన్నీ ఒక పూట కూర్చుని పేషెంట్ల మీద చేసి చూపించొచ్చు. చిన్న సీసా, కొంచెం ధర. దానికి స్టాలు పెట్టేవాడెవడు, బిర్యానీ పెట్టేవాడెవడు? జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లం కలిసి మనమే ఒక ఆదివారం పెట్టుకుందామని ఇద్దరు ముగ్గురికి చెప్పాను. హాలు అక్కర్లేదు, మా దవాఖాన పైఅంతస్తు చాలు, వంట కూడా ఇంట్లోనే.

హన్మకొండలో ఎంబీ2 హ్యాండ్సాన్ మళ్లీ ఉందట. పోయేవాళ్లు ఇప్పటి నుంచే పైదవడ పెద్ద పండ్లు పక్కన పెట్టుకోండి, మొదటివైనా రెండోవైనా, పైభాగం చెడిపోనివి. పేషెంటును అడిగి తీసుకోండి. పీకిన పన్నును పేపర్లో చుట్టి డ్రాయర్లో పడేస్తే ఎండి పెళుసుబారుతుంది, టిప్పు పెట్టగానే పగిలి కూర్చుంటుంది, తడిలోనే ఉంచాలి. సిల్వర్ (పాదరసం కలిసిన) ఫిల్లింగు లేనివైతే ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే మిషన్) చేయొచ్చు. ఫిల్లింగు ఉన్నవాటిని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి, పాదరసం ఆవిరి గదంతా అవుతుంది. వాటిని 10 శాతం ఫార్మలిన్‌లో రెండు వారాలు ఉంచితే చాలు. డబ్బా మూత గట్టిగా బిగించండి, కరీంనగర్ నుంచి హుజూరాబాద్ దాకా ఆ రోడ్డు పని ఎంతవరకు వచ్చిందో ఏమో.