వెయ్యి అడుగుల బోరు

"వెయ్యి దాటింది, ఇంకా దించేదా?" అని బోరు బండి మేస్త్రీ అరిచాడు. దించమన్నారు ఆ చేను ఆసాములు. డబ్బుకు వెనకాడే పని లేదు వాళ్లకు.

పలమనేరు దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఈ పొద్దు చూసిందిది. గట్టు అవతల ఒక అక్కది అరెకరా టమోటా. రాతిపొడి తెల్లగా ఎగిరి ఆమె చెట్ల మీద పడుతోంది. ఆమె పైపులో కాసేపు నీళ్లు, కాసేపు ఉత్త గాలి.

"వాళ్లకు పడితే మాకు ఇవీ రావు మా" అంది.

భూమి కింద నీళ్లకు గట్లు ఉండవు కదా. ఎవరు లోతుకు దించగలిగితే వాళ్లే తోడుకుంటారు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితమే, కానీ ఎండిన బోరుకు అది ఎందుకు?

బోరుకూ బోరుకూ మధ్య దూరం పాటించాలని 2002లోనే వాల్టా చట్టం, అంటే నీళ్లు, నేల, చెట్లను కాపాడే చట్టం, తెచ్చారు. ఆమె వెళ్లి అడగలేదు. కూలికి పిలిచేది వాళ్లే మరి.

ఐక్యరాజ్యసమితి 2030 లక్ష్యాల్లో నీళ్లు 6వది, అసమానతలు తగ్గించడం 10వది. పదోదాన్ని పక్కన పెట్టి ఆరోది ఎట్లా సాధిస్తారో నాకు అర్థం కావడం లేదు. చెరువులో పూడిక తీస్తే నీళ్లు రెండు చేలకూ ఊరతాయి. ఒక్క బోరుకు పోసే డబ్బులో కొంత అటు పెట్టమని ఊళ్లో అడిగే వాళ్లు కావాలి.