ముందు దర్శనం, తర్వాత గది, ఆఖర్న రైలు

బెజవాడలో గానీ గుంటూరులో గానీ తిరుపతి ప్రయాణం అనగానే ముందు రైలు వెతకడం అలవాటు. రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచే కాలంలో అది బాగానే నడిచింది. 2024 నవంబర్ 1 నుంచి ఆ గడువు 60 రోజులకు తగ్గింది. తిరుమల 300 రూపాయల దర్శనం కోటా మాత్రం ఇంచుమించు మూడు నెలల ముందే వచ్చేస్తోంది. రైలు తెరిచేదాకా ఆగి అప్పుడు దర్శనం చూద్దామంటే ఆ నెల కోటా ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. ఏప్రిల్ నెల దర్శనం టికెట్లు మామూలుగా జనవరి 24 ప్రాంతంలో పెడతారు. ఉదయం 10కి దర్శనం టికెట్లు, మధ్యాహ్నం 3కి కొండ మీద గదుల బుకింగ్. తేదీ అటూ ఇటూ అవుతుంది కాబట్టి 20 నుంచే దేవస్థానం ప్రకటన చూస్తూ ఉండాలి. ఏప్రిల్ 10న స్లాట్ దొరికిందనుకోండి, 9 రాత్రి రైలుకి రిజర్వేషన్ ఫిబ్రవరి 8 ఉదయం 8 గంటలకు తెరుస్తారు. మధ్యలో రెండు వారాలు చేతిలో ఉన్నట్టే. ఎవరెవరు వస్తున్నారో మాత్రం దర్శనం టికెట్ తీసే ముందే తేల్చుకోండి, ఎందుకంటే దర్శనం టికెట్ మీద పేరు గానీ తేదీ గానీ మార్చరు, రద్దు చేస్తే డబ్బులూ రావు. పన్నెండేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, వయసు చూపించే కాగితం ఉంటే చాలు.

దేవస్థానం సైట్ చిరునామా చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటేనే అసలుది. గూగుల్లో కొట్టగానే పైన కనిపించే ప్రకటనల్లో దేవుడి బొమ్మ, గోపురం, తిరునామం అన్నీ ఉంటాయి, ఈ చివరి ముక్క ఒక్కటే ఉండదు. పది గంటలకు లాగిన్ అయ్యాక పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ఒక్కొక్కటే టైపు చేస్తూ కూర్చుంటే పేమెంట్ పేజీకి వెళ్లేసరికి ఆ స్లాట్ ఎర్రబడుతుంది. ఫోన్ నోట్‌ప్యాడ్‌లో ముందురోజే రాసి పెట్టుకుని అతికించుకోండి. ఒక బుకింగ్‌లో ఆరుగురికే వీలు. ఎనిమిది మంది ఉంటే ఇద్దరు రెండు ఫోన్ల నుంచి ఒకేసారి కూర్చోవాలి, అదే స్లాట్ దొరక్కపోతే పక్క గంటతో సర్దుకోవాలి. డబ్బులు కట్ అయి టికెట్ రాకపోతే కంగారుపడి కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్లో వెతకొద్దు. దొంగలు కాచుకుని ఉండేది అక్కడే. అలాంటి చోట డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, గంటల్లో చేస్తేనే ఉపయోగం.

ఇక రైలు. "విజయవాడ నుంచి తిరుపతి" అని కొట్టి, వెయిటింగ్ లిస్టు చూసి నిట్టూర్చేవాళ్లే ఎక్కువ. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ నడికుడి మీదుగా గుంటూరు, తెనాలి పట్టుకుని పోతుంది, బెజవాడ రాదు. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్‌దీ గుంటూరు దారే. అదే పద్మావతి అయితే కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడకు వస్తుంది, గుంటూరు ముఖం చూడదు. రెండూళ్ల మధ్య ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం సైట్‌కి రెండు వేరే లోకాలు. మనకు మాత్రం గంట ప్రయాణం. కాబట్టి విజయవాడ, గుంటూరు, తెనాలి మూడూ వెతకండి. అటు వైపు తిరుపతితో పాటు రేణిగుంట కూడా. విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే వందే భారత్ తిరుపతి లోపలికి పోదు, రేణిగుంటలో దిగాలి. అక్కణ్ణుంచి పది కిలోమీటర్లే, ఆటోలూ బస్సులూ ఉంటాయి.

వెయిటింగ్ లిస్టు అన్నా అన్నీ ఒకటి కాదు. రైలు బయల్దేరే స్టేషన్ నుంచి ఇచ్చేది జీఎన్‌డబ్ల్యూఎల్, మధ్య స్టేషన్లకు విడిగా ఉంచిన కోటాది ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్. రెండోదానిలో బెర్తులు తక్కువ, రద్దయ్యేవీ తక్కువ, అందుకే 12 నంబర్ కూడా అక్కడే కూర్చుంటుంది. మొదటిదానిలో 40 కూడా కదిలిపోవచ్చు. గుంటూరు నుంచి నారాయణాద్రికి ఆ రెండో రకం వెయిటింగే కనిపిస్తుంటే, ఆ రైలు బయల్దేరే లింగంపల్లి నుంచి టికెట్ తీసి బోర్డింగ్ గుంటూరు అని పెట్టుకోవచ్చు. ఛార్జీ కొంచెం ఎక్కువవుతుంది, రూల్‌కి విరుద్ధం కాదు. బోర్డింగ్ మార్చడం మర్చిపోతే మాత్రం లింగంపల్లిలో ఎవరూ ఎక్కలేదని టీసీ బెర్త్ వేరేవాళ్లకు ఇచ్చేస్తాడు. బుక్ చేసేటప్పుడే ఆ గడి నింపెయ్యండి.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది అర్ధరాత్రి దగ్గర. రాత్రి 12 గంటల 30 నిమిషాల రైలుకు శుక్రవారం రాత్రి భోంచేసి స్టేషన్‌కి బయల్దేరతారు, కానీ ఆ రైలు తేదీ శనివారం. టికెట్ శుక్రవారానికి తీసుంటే ఆ రైలు గురువారం రాత్రే వెళ్లిపోయింది. తత్కాల్‌కి ఇంకో మెలిక ఉంది. అది మన స్టేషన్ తేదీని బట్టి కాదు, రైలు మొదట బయల్దేరే స్టేషన్ తేదీని బట్టి ఒకరోజు ముందు తెరుస్తారు. విశాఖలో 9వ తేదీ సాయంత్రం బయల్దేరి బెజవాడకు 10వ తేదీ తెల్లవారుజామున వచ్చే రైలుకి తత్కాల్ 8న. మన తేదీ లెక్కన 9న కూర్చుంటే అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది, తప్పు నెట్ మీద వేస్తాం. ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కి 11కి. 2025 జూలై నుంచి ఐఆర్‌సీటీసీ (రైలు టికెట్ల సైట్) ఖాతాకు ఆధార్ లింకు లేనిదే తత్కాల్ రాదు, ఓటీపీ కూడా అడుగుతుంది. ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబర్ వాడుకలో ఉందో లేదో ముందే చూసుకోండి. చాలా ఇళ్లల్లో అది పాత సిమ్ నంబర్, రీఛార్జి లేక మూలపడి ఉంటుంది.

అమ్మానాన్నలకు కింది బెర్త్ కావాలంటే వాళ్లిద్దరికీ విడిగా టికెట్ తియ్యండి. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటితే ప్రత్యేక కోటా ఉంది, అది ఒక్కరికో ఇద్దరికో తీసిన టికెట్‌కే వర్తిస్తుంది. ఆరుగురితో కలిపి తీస్తే కంప్యూటర్ అందరినీ ఒకే గాటన కట్టేసి అమ్మకు పై బెర్త్ ఇచ్చినా ఇస్తుంది.

వేరే యాప్‌లో తీసినా చివరికి అడిగేది ఐఆర్‌సీటీసీ పాస్‌వర్డే. ఐఆర్‌సీటీసీలో యూపీఐతో కడితే టికెట్‌కి ఏసీకైతే 20, మామూలు తరగతికి 10 రూపాయలు, పైన జీఎస్టీ. కార్డుతో అయితే 30, 15. యాప్ దీని మీద తన ఫీజు వేసుకుంటుంది, "ఫ్రీ క్యాన్సిలేషన్" అనే గడికి ఒక్కోసారి తనే టిక్ పెట్టి ఉంచుతుంది. అడక్కుండా బుట్టలో వేసే ఈ పద్ధతిని, "ఇంకా 2 గదులే" అని లేని తొందర పుట్టించడాన్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాల్లో తప్పుడు పోకడలుగా చేర్చారు. ఫిర్యాదుకు 1915. "కన్ఫర్మ్ అయ్యే అవకాశం 78 శాతం" అన్నది పాత లెక్కలు చూసి వేసిన అంచనా, రైల్వే ఇచ్చిన మాట కాదు. నలభై అయిదు పైసల ఇన్సూరెన్స్ మాత్రం టిక్ పెట్టండి. పెట్టాక మెయిల్‌కి వచ్చే లింకులో నామినీ పేరు నింపాలి. ఎక్కువమంది అది తెరవరు.

వెయిటింగ్ తేలకపోతే బస్సు. చార్ట్ ఇప్పుడు మునుపటిలా నాలుగు గంటల ముందు కాకుండా చాలా ముందే వేస్తున్నారు కాబట్టి నెహ్రూ బస్టాండ్ నుంచి ఆర్టీసీ టికెట్ చూసుకునే టైం దొరుకుతుంది. స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి సర్వీసులకే, సూపర్ లగ్జరీకి, ఇంద్రకు టికెట్ తియ్యాల్సిందే. ప్రైవేటు బస్సుల్లో ముందు చూడాల్సింది బోర్డింగ్ పాయింట్. పైన కనిపించే టైం మొదటి పాయింట్‌ది. బెంజి సర్కిల్, వారధి, కాజ టోల్‌గేట్ ఒక్కోదానికి ఒక్కో టైం ఉంటుంది, గుంటూరు అని రాసినా చాలా బస్సులు ఊళ్లోకి రాకుండా బైపాస్ మీదే ఆగుతాయి. రాత్రి పదకొండున్నరకు సామానుతో అక్కడికి ఆటో దొరకడం తేలిక కాదు.

కొండ మీద గది రాకపోతే తిరుపతిలో హోటల్ చూస్తాం. మన రైళ్లు, బస్సులు చాలావరకు తెల్లవారుజామునే దింపుతాయి, సైట్లో చెక్ ఇన్ మధ్యాహ్నం 12. నాలుగింటికి వెళ్లి గది అడిగితే "ఎర్లీ చెక్ ఇన్" అని అరపూట డబ్బులు అడుగుతారు. బుక్ చేసే ముందు హోటల్‌కే ఫోన్ చేసి 24 గంటల పద్ధతి ఉందా అని అడగండి, తిరుపతిలో చాలా లాడ్జిల్లో ఉంటుంది. మొదటి పేజీ ధరకు జీఎస్టీ కలిసి ఉండదు, 7,500 లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం.

కారులో వెళ్లేవాళ్లకు అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి. అదే కారులో గుంటూరు నుంచి శ్రీశైలం అనుకుంటే దారి చూపించే యాప్ చెప్పే గంటలు నమ్మి సాయంత్రం బయల్దేరకండి. దోర్నాల దాటాక పులుల అడవి, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. యాప్‌లో ఆ గేటు కనపడదు.

తిరుగు టికెట్ దగ్గర పిసినారితనం పనికిరాదు. ఉదయం 10 గంటల స్లాట్ అయితే క్యూ, లడ్డూలు, కొండ దిగడానికి గంట, ఎంత లేదన్నా సాయంత్రం అవుతుంది. మధ్యాహ్నం మూడు గంటల వందే భారత్ ఖాళీ కనిపించినా దాని జోలికి పోకుండా రాత్రి రైలే తియ్యండి.