సరిగ్గా అతికించనందుకు థాంక్స్

పొద్దున మా అమ్మాయి అరిచిన అరుపుకి మెలకువ వచ్చింది. "నాన్నా, ఫ్రీజర్‌లో కారుంది!" ఐస్ ట్రే పక్కన, జిప్ కవర్లో, రాత్రి నేను పెట్టిన 1957 షెవ్రొలే బెల్ ఎయిర్. వాళ్లమ్మ తల కూడా తిప్పకుండా "మీ నాన్ననే అడుగు" అంది. ఆవిడకి అలవాటైపోయింది. పోయిన నెల అక్కడే ఒక పికప్ ట్రక్కు దొరికింది.

కారు కథ ఏంటంటే, ఇల్లు మారుతున్న ఒక మిత్రుడు నాకొక అట్టపెట్టె ఇచ్చాడు. "మా అన్నయ్య చిన్నప్పుడు కిట్ ముక్కలు అతికించి చేసిన ప్లాస్టిక్ మోడల్ కార్లు. పారేద్దామనుకుంటుంటే నువ్వు గుర్తొచ్చావు" అన్నాడు. చెత్త చూస్తే నేను గుర్తొచ్చినందుకు సంతోషించాలో లేదో తెలియక తీసుకొచ్చేశాను. పెట్టెలో ఆరు బాడీలు, ఐదు ఛాసిస్‌లు (కారు అడుగు భాగాలు), పదిహేడు చక్రాలు. లెక్క కుదరకపోవడం ఇలాంటి పెట్టెలకి మామూలే.

ఈ పిచ్చి ఉన్నవాళ్లం వీటిని గ్లూ బాంబులంటాం. ట్యూబు మొత్తం పిండేసి ముక్కలన్నీ అందులో ముంచి అతికించినట్టుంటాయి. తలుపు సందుల్లోంచి కారి గడ్డకట్టిన జిగురు, అద్దం మీద తెల్లటి మరకలు, బ్రష్‌తో పులిమిన ఎనామెల్ రంగు, ఒక పక్కకి ఒరిగిన బంపరు. కొత్త కిట్ కొనుక్కుని హాయిగా చేసుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. చేసుకోవచ్చు. కానీ అందులో సూచనల కాగితం చూసుకుంటూ అతికించడం తప్ప ఏముంది? ఇక్కడైతే ముందు ఎవడో ఏది ఎప్పుడు అతికించాడో కనిపెట్టి, చివరి ముక్క నుంచి మొదటి ముక్కకి రావాలి. నిజం ఒప్పుకోవాలంటే నాకు కట్టడం కన్నా విప్పడంలోనే మజా. మా షెల్ఫ్‌లో విప్పి, కడిగి, మెరిసేలా పెట్టిన కార్లు తొమ్మిదున్నాయి. మళ్లీ కట్టి పూర్తి చేసినవి రెండు.

ఈ షెవ్రొలే, ఏఎంటీ అనే అమెరికన్ మోడల్ కంపెనీ వాళ్ల 1/25 కిట్, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు. అసలు కారు పొడవు 200 అంగుళాలు, కాబట్టి నా బల్ల మీదున్నది 8 అంగుళాలు. ఈ లెక్క గుర్తుంచుకుంటే గ్లూ బాంబు ఎందుకంత వికారంగా కనిపిస్తుందో తెలుస్తుంది. మోడల్ మీద మిల్లీమీటరు మందం జిగురంటే, అసలు కారు మీద రెండున్నర సెంటీమీటర్ల మందాన సిమెంటు మెత్తినట్టు.

దీనికి ఇంకో అందం కూడా ఉంది. ఏఎంటీ 1958 నుంచి ఒకే పెట్టెలో మూడు రకాల కారు చేసుకునే వీలిచ్చింది: షోరూంలోంచి వచ్చినట్టు, లేదా సోకులు చేసిన కస్టమ్ కారులా, లేదా రేసు కారులా. మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఈ కారు కట్టిన పిల్లాడు మూడూ ఎంచుకున్నాడు. ముందు మామూలు బంపరు, పక్కన రేసు కారు ఎగ్జాస్ట్ గొట్టాలు, వాటి మీద కస్టమ్ సోకులు. పెట్టెలో ఏదీ మిగలకూడదన్న పట్టుదల కనిపిస్తోంది.

తొమ్మిదింటికి ఫ్రీజర్‌లోంచి తీశాను. చలికి పాత జిగురు పెళుసెక్కుతుంది. ఆ చల్లదనం పోకముందే అతుకు దగ్గర పల్చటి బ్లేడు ఆనించి కాస్త మెలితిప్పాలి. ముందు బంపరు పట్టుకున్నాను. బ్లేడు ఇంకా లోపలికి పోనేలేదు, టిక్‌మని ఊడి నా ఒళ్లో పడింది. వెనక చూస్తే బంపరు మీదుండాల్సిన క్రోమ్ పొర చిల్లర పైసంత ముక్క లేచిపోయి, బాడీ వైపున్న జిగురుకి అంటుకుని ఉంది.

నాకెప్పుడూ ముచ్చటేసే సంగతి ఇదే. ప్లాస్టిక్ మోడళ్లకి వాడే జిగురు నిజానికి జిగురు కాదు, ద్రావకం. రెండు ముక్కల అంచుల్లోని పాలిస్టైరీన్‌ని, అంటే కిట్ ప్లాస్టిక్‌ని, కరిగించి కలిపేస్తుంది. అది ఆరాక అక్కడ రెండు ముక్కలుండవు, ఒక్కటే ఉంటుంది. విప్పడానికి అతుకంటూ మిగలదు కాబట్టి రంపంతో కోయడమే గతి. కానీ ఇదంతా ద్రావకం ప్లాస్టిక్‌ని తాకితేనే. మధ్యలో రంగు అడ్డొస్తే రంగునే పట్టుకుంటుంది, క్రోమ్ అడ్డొస్తే క్రోమ్‌నే. కిట్లలో క్రోమ్ అంటే గాలి తీసేసిన గదిలో ఆవిరిగా పట్టించిన అల్యూమినియం, వేలి గోటికి లేచొచ్చేంత పల్చటి పొర. అతికించే చోట దాన్ని గీకేయమని సూచనల్లో రాస్తారు. పదేళ్ల వయసులో ఎవడు గీకుతాడు? గీకలేదు కాబట్టే ఇన్నేళ్ల తర్వాత బంపరు విరక్కుండా నా చేతిలోకొచ్చింది. ఒళ్లు దగ్గర పెట్టుకుని అతికించినవాడి కారు నాకు దొరికితే మాత్రం చచ్చానే.

అంతకన్నా ఘోరం, తర్వాతెప్పుడో ఎవరో 'రిపేరు' చేసినవి. పోయిన నెల పికప్ ట్రక్కు అలాంటిదే, నిండా సూపర్‌గ్లూ. సూపర్‌గ్లూ కరగాలంటే అసిటోన్ పోయాలి. దాని కన్నా ముందు ప్లాస్టికే కరిగిపోతుంది.

పదకొండు గంటలకల్లా గ్రిల్, హెడ్‌లైట్లు, ఎగ్జాస్ట్ గొట్టాలు, వెనక బంపరు అన్నీ ట్రేలోకి వచ్చేశాయి. హుడ్‌ని, అంటే ఇంజను మీది మూతని, చుట్టూ రంగుతో సీలు వేసినట్టు మూసేశాడు. సందులో బ్లేడుతో నాలుగైదుసార్లు గీత గీశాక తెరుచుకుంది. తెరిచి చూసి ఆశ్చర్యపోయాను. లోపల ఇంజను చక్కగా ఉంది! బ్లాక్ రెండు సగాలూ కలిసిన చోట గీత కూడా కనబడట్లేదు. రంగు వేయకముందే అతికించి, అంచులు సాండ్‌పేపర్‌తో నున్నగా చేసి, అప్పుడు రంగు వేశాడు. ఫ్యాన్ బెల్టుకి నల్లరంగు కూడా పక్కలకి అంటకుండా పడింది.

దాంతో నాకొక సిద్ధాంతం తట్టింది. సూచనల కాగితంలో సాధారణంగా మొదట వచ్చేది ఇంజను. ఆ తర్వాత ఛాసిస్, సీట్లు, చివర్లో బాడీ. ఈ కారులో శ్రద్ధ సరిగ్గా అదే వరసలో తగ్గుతూ వచ్చింది. ఇంజను దగ్గర వాచీ రిపేరు చేసేవాడిలా కూర్చున్నాడు. ఛాసిస్ దగ్గరికొచ్చేసరికి విసుగు మొదలైంది. బాడీ దగ్గర, ఇక ఎలాగోలా అయిపోతే చాలు. ఒక మధ్యాహ్నంలో పిల్లాడి ఓపిక ఎలా కరిగిపోయిందో గ్రాఫ్ గీసినట్టుంది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఫోటోలు తీసి మా మిత్రుడికి పంపాను. "మీ అన్నయ్య ఇంజను వరకు దేవుడు" అని రాశాను.

ఆ మురిపెంలోనే ముందు అద్దం దగ్గర తప్పు చేశాను. అద్దం లోపలి నుంచి రూఫుకి అంటుకుని ఉంది. అప్పటికి కారు వెచ్చబడిపోయింది. మళ్లీ ఓ గంట ఫ్రీజర్‌లో పెట్టాల్సింది. బద్ధకించి బ్లేడు దూర్చి ఎత్తాను. అద్దం వచ్చింది, దాంతోపాటు అద్దం పక్కనుండే సన్నటి స్తంభం కూడా విరిగి వచ్చింది. అగ్గిపుల్లలో సగం లావు కూడా ఉండదది. ఆ మూల రూఫుని మోసేది అదే. ఇన్నేళ్లు పిల్లాడి చేతుల్లో బతికింది, నా చేతిలో పోయింది.

దీనికి మందుంది. విరిగిన రెండు చివర్లలోనూ అర మిల్లీమీటరు కన్నం చేత్తో తిప్పే డ్రిల్‌తో పెట్టి, లోపల స్టేప్లర్ పిన్ను ముక్క దూర్చాను, ఎముక విరిగితే రాడ్డు వేసినట్టు. బయట బొట్టు జిగురు. రాసినంత తేలిక కాదు. మొదటి కన్నం వంకరగా పోయి పక్కనుంచి బయటికొచ్చింది. దాన్ని పూడ్చడానికి, ఒక సీసాలో ఎప్పుడూ తయారుగా ఉంచే ముద్ద వాడాను. కిట్లలో ముక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం ఉంటుంది కదా, దాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి ద్రవ జిగురులో నానబెడితే రెండ్రోజులకి పేస్టు అవుతుంది. ఆరాక బాడీ ప్లాస్టిక్కూ ఇదీ ఒకటే. కాకపోతే ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, తొందరపడి రుద్దితే మళ్లీ గుంట పడుతుంది. కాబట్టి ఈ స్తంభాన్ని వచ్చే ఆదివారం దాకా ముట్టుకోను.

డిక్కీ మూత మీద నేననుకోని గాయం ఒకటుంది. వరసగా సన్నటి గాళ్లు. ఏంటా అని చాలాసేపు చూశాను. టైరు ముద్ర! పెట్టెలో ఒక మెత్తటి వినైల్ టైరు ఏళ్ల తరబడి దాని మీద పడి ఉంది. ఆ టైర్లు మెత్తగా ఉండటానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికొచ్చి పాలిస్టైరీన్‌ని మెత్తబరుస్తుంది. ట్రెడ్ డిజైన్ మొత్తం, ఒక్క గాడి తప్పకుండా అచ్చు పడింది. అందుకే విప్పగానే టైర్లన్నీ తీసి వేరే కవర్లో వేస్తాను. ఈ ఒక్క విషయంలో పిల్లాడి తప్పేమీ లేదు.

మధ్యాహ్నం గడ్డలు గీకే పని. రంగు వదలగొట్టేముందు జిగురు గడ్డలు తీసేయాలి, లేకపోతే వాటి కింద రంగు అలాగే ఉండిపోతుంది. రూఫు మీద పెద్ద గడ్డ, దాని మధ్యలో బొటనవేలి ముద్ర. జిగురు మెత్తగా ఉన్నప్పుడు నొక్కి పట్టుకున్నట్టున్నాడు, గీతలు కూడా తెలుస్తున్నాయి. నా బొటనవేలు పక్కన పెట్టి చూశాను. అందులో సగం కూడా లేదు. ఇంత చిన్న చేత్తో ఆ ఇంజను ఎలా చేశాడా అనుకున్నాను కానీ ఆగి ఆలోచించలేదు. 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే సాండ్‌పేపర్) తడిపి రుద్దేశాను. పది నిమిషాల్లో రూఫు చదునైపోయింది.

సాయంత్రం, రంగు వదలడానికి నానబెట్టడం. బాడీని మూతున్న డబ్బాలో పెట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోశాను. పాత ఎనామెల్ మొండిది, రేపటికి మెత్తబడితే టూత్‌బ్రష్‌తో తోమాలి, లేకపోతే ఇంకో రోజు. మొదట్లో ఈ పనికి రంగుల్లో కలిపే లక్కర్ థిన్నర్ వాడి, ఒక మస్టాంగ్ కారుని మైనపు ముద్ద చేసిన ఘనత నాది. క్రోమ్ ముక్కలు ఎలాగూ పాడయ్యాయి కాబట్టి వాటిని బ్లీచ్‌లో వేశాను. చూస్తుండగానే మెరుపు మసకబారి, అల్యూమినియం కరిగిపోయి, కింద పసుపుపచ్చ వార్నిష్‌లాంటి పొర బయటపడింది. ఈ రెండు డబ్బాలూ ఒక గదిలో పెట్టను. ఆల్కహాల్, బ్లీచ్ కలిస్తే విషం.

అద్దాన్ని మాత్రం ఆల్కహాల్‌లో వేయలేదు, పారదర్శకమైన ప్లాస్టిక్ ఒక్కోసారి లోపల సన్నగా పగుళ్లిస్తుంది. దాన్ని చేత్తోనే పాలిష్ చేయాలి. అది ఇంకోరోజు టెన్షన్.

రాత్రి తొమ్మిదింటికి మిత్రుడి దగ్గర్నుంచి జవాబొచ్చింది. "అన్నయ్యకి నీ ఫోటోలు పంపించా. పడీపడీ నవ్వాడు. వాడు ఇంజను వరకే చేసి ఆటకి పోయాడట. వచ్చేసరికి మిగతా కారంతా నేను కట్టేశానట. నాకప్పుడు ఆరేళ్లట. నాకసలు గుర్తేలేదు!"

నా ఓపిక సిద్ధాంతం అక్కడితో అయిపోయింది. రూఫు మీద నీ వేలిముద్ర దొరికిందిరా, నా వేలిలో సగం కూడా లేదు అని రాశాను.

వెంటనే అడిగాడు. "నిజమా? ఫోటో పెట్టు, మా పిల్లలకి చూపిస్తా."

కాసేపు ఫోను పట్టుకుని కూర్చున్నాను. రూఫు పక్కగదిలో, నున్నగా, ఆల్కహాల్‌లో మునిగి ఉంది.

"పెట్టెలో ఇంకో ఐదు కార్లున్నాయి కదా, వెతుకుతాను" అని జవాబిచ్చాను.