కుమాసిలో అక్వాసిదే: ముందు తేదీ, తర్వాతే టికెట్టు (నా అనుభవం)

ఘనాలోని కుమాసి అసాంటే అనే జాతి రాజుల ఊరు. మ్యూజియం, కెజేషియా సంత ఎప్పుడు వెళ్ళినా చూడొచ్చు. అసాంటెహెనె, అంటే అక్కడి మహారాజు, కొలువు తీరడం చూడాలంటే మాత్రం అక్వాసిదే అనే పండగ నాడే ఊళ్ళో ఉండాలి. అందుకే నేను టికెట్ల జోలికి వెళ్ళకముందే తేదీ చూసుకున్నాను.

అక్వాసిదే 42 రోజులకోసారి, ఎప్పుడూ ఆదివారమే వస్తుంది. అకాన్ల (అసాంటేలు కూడా వీళ్ళలోవాళ్ళే) లెక్కలో ఆరు రోజుల వారం ఒకటి, మామూలు ఏడు రోజుల వారం ఒకటి పక్కపక్కనే నడుస్తాయి. అవి రెండూ మళ్ళీ కలిసేది 42 రోజులకు. దీన్ని నెలకోసారి వచ్చే పండగనుకుని కేలెండర్ తిప్పితే తేదీ తప్పిపోతుంది. ఒక్క తేదీ ఖాయంగా తెలిస్తే చాలు, 42 కూడుకుంటూ పోవచ్చు. సరిచూసుకోవడానికి ఇంకో గుర్తు ఉంది: అక్వాసిదే అయిన 24 రోజులకు బుధవారం నాడు అవుకుదే అనే ఇంకో పండగ వస్తుంది, ఆ తర్వాత 18 రోజులకు మళ్ళీ అక్వాసిదే. రాజుగారు ఊళ్ళో ఉన్నారా, దర్బారు జరుగుతుందా అన్నది మాత్రం బయల్దేరే ముందు హోటలు వాళ్ళను కనుక్కోమనండి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేసి కార్డు ఇస్తారు. వేసుకున్న పది రోజులకు గానీ ఆ కార్డు చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌ని అడగండి. రాజధాని ఆక్రా నుంచి కుమాసి దాదాపు 250 కిలోమీటర్లు. బస్సులో ఐదారు గంటలనుకోండి, ట్రాఫిక్ బట్టి ఇంకా పెరగొచ్చు. శనివారం చావు కార్యాల రోజు, ఊరి రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి కాబట్టి శుక్రవారానికే చేరడం మంచిది.

ఆదివారం పొద్దున్నే రాజు పూర్వీకుల పీఠాలున్న గదిలో అన్నపానీయాలు సమర్పిస్తాడు. అక్కడికి బయటివాళ్ళను రానివ్వరు. మనం చూసేది ఆ తర్వాత మన్హియా ప్యాలెస్ ఆవరణలో జరిగే దర్బారు. తొందరగా వెళ్తే పందిరి కింద నీడ దొరుకుతుంది, లేదంటే గంటల తరబడి ఎండలో నిలబడాలి. నలుపు, ముదురు ఎరుపు బట్టలు అక్కడ చావుకు వేసుకునేవి. తెలుపో, లేత రంగో వేసుకెళ్ళండి.

ముందు వినిపించేది ఫొంతొంఫ్రొం డప్పులు. మనిషెత్తు ఉండే ఆ జంట డప్పుల దరువు చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. వాటి వెనక దంతపు కొమ్ముబూరలు, బంగారు పిడుల కత్తులు పట్టుకున్న కుర్రాళ్ళు, పెద్ద పెద్ద పట్టు గొడుగులు. గొడుగు పట్టేవాళ్ళు దాన్ని ఊరికే పట్టుకుని నిలబడరు, దరువుకు తగ్గట్టు పైకీ కిందికీ ఎగరేస్తుంటారు. దాంతో కింద కూర్చున్నవాళ్ళకు గాలి కూడా తగులుతుంది.

అధిపతులు ఒక్కొక్కరే వచ్చి చెప్పులు విడిచి, భుజం మీది వస్త్రం కిందికి జార్చి వంగుతారు. రాజుతో నేరుగా మాట్లాడకూడదు. బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకున్న ఓక్యామే మధ్యలో ఉండి మాట అటూ ఇటూ చేరవేస్తాడు. సందర్శకులను ముందుకు పిలిస్తే కానుకగా ఇవ్వాల్సింది స్నాప్స్ అనే సారా సీసా. ఏదిచ్చినా, ఏది పుచ్చుకున్నా కుడిచేత్తోనే. పెద్దల ఎదుట కాలు మీద కాలు వేసుకుంటే ఎవరో ఒకరు వచ్చి దించమంటారు. ఫొటోకి ముందు అడగండి.

మన్హియా ప్యాలెస్ మ్యూజియానికి సోమవారం వెళ్ళండి. 1896లో బ్రిటిష్ వాళ్ళు పట్టుకుపోయిన అసాంటే రాజు మొదటి ప్రెంపె, సీషెల్స్ ప్రవాసం ముగించుకుని 1924లో తిరిగొచ్చాక ఆయన కోసం కట్టిన ఇల్లు అది. ఖర్చు అసాంటే ప్రజలే చెల్లించేదాకా ఆయన అందులో అడుగుపెట్టలేదని చెబుతారు. 1874లో కుమాసిని తగలబెట్టినప్పుడు దోచుకెళ్ళిన వస్తువులు కొన్ని 2024లో లండన్ మ్యూజియాల నుంచి ఇక్కడికి వచ్చాయి, అదీ అప్పుగా! దోచుకున్నవాళ్ళు అప్పివ్వడమేమిటో నాకైతే మింగుడుపడలేదు. అసాంటేలు తమ జాతి ఆత్మగా భావించే స్వర్ణపీఠం చూపిస్తారా అని మాత్రం అడక్కండి. దాని మీద రాజు కూడా కూర్చోడు. దాన్ని తెమ్మని ఒక బ్రిటిష్ గవర్నర్ అడిగినందుకే 1900లో ఎజిసు రాజమాత యా అసాంటెవా నాయకత్వంలో యుద్ధం జరిగింది.

కెంటే అనే రంగురంగుల వస్త్రం నేసే బోన్‌విరె ఊరు కుమాసికి 20 కిలోమీటర్ల లోపే. అక్కడ నేసేది చీరంత పన్నాలో కాదు, సుమారు నాలుగంగుళాల వెడల్పు పట్టీలుగా. వాటిని పక్కపక్కన కుట్టి వస్త్రం చేస్తారు. కొనేముందు తిరగేసి చూడండి: మగ్గం మీద నేసినదైతే నమూనా రెండు వైపులా ఉంటుంది, అతుకులు చేతికి తగులుతాయి. అచ్చు వేసిన గుడ్డకు వెనకవైపు వెలిసిపోయినట్టుంటుంది. పట్టీ ఒక్కటి కూడా అమ్ముతారు, కాబట్టి మొత్తం వస్త్రం ధర విని బెదిరిపోనక్కర్లేదు.

మాంపొంగ్ దారిలోని న్‌తొన్సో ఊళ్ళో గుడ్డ మీద అదింక్రా అనే సంకేత గుర్తుల అచ్చులు వేస్తారు. బాదియె చెట్టు బెరడు నానబెట్టి, దంచి, ఉడికించి, వడగట్టి, చిక్కని నల్లటి ద్రవమయ్యేదాకా మళ్ళీ కాగబెడతారు. ఎండు సొరబుర్ర ముక్క మీద చెక్కిన అచ్చును అందులో ముంచి గుడ్డ మీద ఒత్తుతారు. మీ చేత కూడా వేయిస్తారు. ముంచాక ఒకసారి విదిలించకపోతే గుర్తు చుట్టూ మరక పాకుతుంది. ఇంటికొచ్చాక ఆ గుడ్డను ఉతకొద్దు, రంగు దిగిపోతుంది.