కావలి నుంచి ఉదయగిరికి, గాడ్జిల్లాతో

కావలి బస్టాండులో వాటర్ బాటిల్ మీద అచ్చేసిన ధర ఇరవై, కొట్టతను తీసుకున్నది ఇరవై ఐదు. కూలింగ్ చార్జీ అట. నీళ్లేమో చల్లగా కూడా లేవు. ఆ చిరాకుతోనే ఉదయగిరి పల్లెవెలుగు ఎక్కాను.

ఉదయగిరి కోట చూడాలని చాన్నాళ్ల కోరిక. కొండ మీద ఆ పాడుబడ్డ గోడల్ని ఫొటోల్లో చూసినప్పుడల్లా, విఠలాచార్య సినిమాలో మాంత్రికుడు ఉండాల్సింది ఇక్కడే అనిపించేది. కోట చూశాను, బాగుంది. దాని గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పాల్సింది బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన గురించి.

కలిగిరి దాటేదాకా ఆయన పలకలేదు. తర్వాత నా టీషర్టు మీద బొమ్మకేసి వేలు చూపించి, "ఏందబ్బయా అది, మొసలా?" అన్నాడు.

"గాడ్జిల్లా తాతా. జపాన్ సినిమాలో రాకాసి."

సినిమా అనగానే నా వైపు తిరిగి కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఆపరేటర్‌గా చేశాడట. ప్రొజెక్టర్‌లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలి తరిగిపోతుంటే వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరుపాటున ఉంటే తెర మసకబారి నేల క్లాసు నుంచి ఈలలు మొదలవుతాయి. 'జగన్మోహిని' (1978) ఆడినన్నాళ్లూ తను కన్ను పక్కకి తిప్పలేదని చెప్పాడు. దెయ్యం కట్టెలకు బదులు కాళ్లు పొయ్యిలో పెట్టే సీను రాగానే తల్లులు పిల్లకాయల కళ్లు మూసేవాళ్లట. వాళ్లు మాత్రం రెప్ప వేసేవాళ్లు కాదట.

"తెగిన రీలు అతికేటప్పుడు వెలుతురుకి పెట్టి చూసేవోణ్ణి. ఒక బొమ్మలో మనిషి ఉండాడు, పక్క బొమ్మలో లేడు, పొగే ఉండాది. ఆ రెండిటి మధ్య సన్న గీత. మాయంతా ఆడనే ఉండాదబ్బయా."

ఎన్ని వ్యాసాలు చదివానో, ఎన్ని మేకింగ్ వీడియోలు చూశానో! ట్రిక్ షాట్ గురించి ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. కెమెరా ఆపి, మనిషిని పక్కకి పంపి, మళ్లీ తిప్పడం. అంతే. మల్టీప్లెక్సులో పాప్‌కార్న్‌కే మూడొందలు పోసి చూసే కొత్త రాకాసి సినిమాలూ నాకు ఇష్టమే, ఒక్కటీ వదలను. కానీ వాటిలో ఆ సన్న గీత కనపడదు. మనిషి చెయ్యి పడిన చోటు కనిపిస్తేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఫోన్‌లో 1954 నాటి మొదటి గాడ్జిల్లా ముక్క చూపించాను. ఇషిరో హోండా తీసింది. ఆయన ఫోన్‌ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "లోపల మనిషుండాడు గదా?" అన్నాడు. ఇట్టే పట్టేశాడు! హరువో నకజిమా అనే నటుడని, ఆ తొడుగు బరువు దాదాపు వంద కిలోలని చెప్పాను. "ఊపిరెట్టా ఆడిందో పాపం" అన్నాడు. అరుపు వినిపించాను. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బాస్ అనే పెద్ద వాయిద్యం తీగల మీద తోలు గ్లవ్ పెట్టి రుద్దగా వచ్చిన శబ్దం అదని చెబితే, ఇంకోసారి పెట్టమన్నాడు. ముందు సీట్లో పాప ఏడుపు లంకించుకుంది.

కథ మొత్తం చెప్పమన్నాడు. వింజమూరులో మొదలుపెట్టాను. సముద్రంలో అణుబాంబు పరీక్షలు, మునిగిపోయే పడవలు, తగలబడే టోక్యో. కిటికీ పక్కన ఎవరో పాటలు ఆపేసి వింటున్నారు. శాస్త్రవేత్త సెరిజావా ఆక్సిజన్ డిస్ట్రాయర్ అనే ఆయుధం పట్టుకుని సముద్రంలోకి దిగేసరికి దుత్తలూరు వచ్చేసింది. ఆయన స్టాపు అదే.

సంచీ భుజానేసుకుని మెట్టు మీద ఆగిపోయి, "చచ్చిందా, లేదా? అది చెప్పు ముందు" అన్నాడు.

"చచ్చింది తాతా. ఆ శాస్త్రవేత్త కూడా పైకి రాలేదు. తనే గాలి గొట్టం కోసేసుకున్నాడు, ఆ ఆయుధం ఇంకెవరి చేతికీ చిక్కకూడదని."

"మంచి పని చేశాడు" అని దిగాడు. కండక్టర్ రైట్ అన్నాడు.