కాలవలోంచి నా జాకెట్టు ముక్క

ఆమధ్య ఒక మంగళవారం మా వీధి సైడుకాలవలో పూడిక తీశారు. తీసిందంతా ఎప్పట్లాగే ఒడ్డునే కుప్ప పోశారు, ఆరాక పట్టుకెళ్తామని. నల్లటి బురద, కర్రీ పాయింటు కవర్లు, కొబ్బరి బొండాలు, ఒంటి చెప్పు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దాటబోతుంటే కుప్పలో కనకాంబరం రంగు కనబడింది. ఎంత బురదంటినా నాకు తెలీదా? దసరాకి ఒకావిడ కుట్టించుకున్న జాకెట్టులో మిగిలిన పీలిక అది. నా కత్తెర కిందే తెగింది.

బెజవాడ సింగ్‌నగర్లో నాదో చిన్న టైలరింగ్ కొట్టు. 18 ఏళ్ళ నుంచి కుడుతున్నా. నేనూ, సాయానికొచ్చే అమ్మాయీ కలిసి రోజుకి ఎనిమిది జాకెట్లు దింపుతాం. ఒక్కో జాకెట్టుకి పిడికెడు ముక్కలు, లైనింగుతో కలిపితే రెండు పిడికిళ్ళు. వారం తిరిగేసరికి 25 కిలోల బియ్యం సంచి నిండిపోతుంది.

పూడిక తీసే పిన్ని నా మొహం చూసి నవ్వింది. "కవరు ఒక్కటే అయితే నీళ్ళతో పాటు పోద్దమ్మా. గుడ్డముక్క అట్టా కాదు, కల్వర్టు కింద ఇనపచువ్వకి చుట్టుకుంటది. దాన్ని ఇంకో ముక్క పట్టుకుంటది. దానిమీద కవర్లు, దానిమీద మట్టి. గునపం ఏసినా రాదు." తిట్టుంటే బాగుండేది.

సంచి బయట పెడితే కుక్కలు చింపుతాయి, వాన వస్తే కొట్టుకుపోతాయి, నిజమే. కానీ అంతా కుక్కల మీదకి నెట్టలేను. చెత్తబండి రాని రోజుల్లో, షట్టరు దించే వేళకి, రెండు మూడుసార్లు నా చేత్తో నేనే కాలవలో వంపాను. చెత్త పన్ను వేసినప్పుడు వీధిలో అందరికంటే గట్టిగా అరిచింది కూడా నేనే. 2024లో ఆ పన్ను తీసేశారు. చెత్త మాత్రం పైసా తగ్గలేదు.

మా అమ్మ కుట్టే రోజుల్లో వీటిని చెత్త అనేవాళ్ళం కాదు. పెద్ద ముక్కలు బొంతలోకి, చిన్నవి మెకానిక్ షెడ్డుకి. శనివారం శనివారం షెడ్డు కుర్రాడొచ్చి గోతం పట్టుకుపోయేవాడు, గ్రీజు తుడుచుకోడానికి. నేను కొట్టు పెట్టిన కొత్తలోనూ వచ్చేవాడు. తర్వాత మానేశాడు. ఎందుకని వెళ్ళి అడిగితే షెడ్డు బాబాయి, "ఇయ్యి నూనె పీల్చవమ్మా, అటూ ఇటూ పులుముతాయంతే" అన్నాడు. అప్పటికి లైనింగు నూలు నుంచి పాలిస్టర్‌కి మారిపోయింది. మీటరుకి కొంత ఆదా అని నేనే మార్చా. పాలిస్టర్ అంటే మనం తాగి పారేసే నీళ్ళ సీసా జాతే, దారం తీసిన ప్లాస్టిక్కు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషేధం అన్నప్పుడు నేను గుడ్డ సంచులు కుట్టి 20 రూపాయలకి అమ్మాను, గొప్పగా. ఆ గుడ్డా పాలిస్టరే.

చిన్నప్పుడు సింగ్‌నగర్ అంటే "డంపింగ్ యార్డు పక్కనేగా" అనేవాళ్ళు. ఎండాకాలం ఆ గుట్ట రాజుకుంటే పొగకి తలుపులేసుకునేవాళ్ళం. ఊరి చివరన్నది కాస్తా ఊరి మధ్యకొచ్చింది. గుట్ట కదల్లేదు, ఊరే నడిచొచ్చింది. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో, అదే ఊళ్ళ శుభ్రతకిచ్చే ర్యాంకుల్లో, బెజవాడకి దేశంలో మూడో ర్యాంకు వచ్చిందంటే మురిసిపోయాను, అబద్ధమెందుకు.

ఆపైన 2024 సెప్టెంబర్ 1. ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్ళు మా మీదకొచ్చాయి. ఆ వరద చెత్త వల్ల రాలేదు, ఆ నింద కాలవల మీద వెయ్యను. కానీ నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు చూశాను. ఫ్లైఓవర్ వైపు రోడ్డు ఆరిపోయిన తర్వాత కూడా మా సందులో మోకాలి లోతు నిలిచే ఉంది, కల్వర్టు మూసుకుపోయి. అప్పుడు ఎవరెవర్నో తిట్టాం. అందులో నా ముక్కలు ఎన్నున్నాయో ఇప్పుడు అనిపిస్తోంది.

కొట్టు తెరిచేసరికి మిషన్ల మోటార్లు పోయాయి. అదలా ఉంచండి. హ్యాంగర్లకి వేలాడుతున్న కస్టమర్ల చీరలు, శ్రావణమాసం శుక్రవారాలవి, ఒకదాని రంగు ఇంకోదానికెక్కి బురద వాసన కొడుతున్నాయి. నాలుగు సార్లు ఉతికినా పోలేదు. ఒకావిడ తన పెళ్ళిచీరకి ఫాలు వేయమని ఇచ్చింది. ఆమెని పిలిచి చూపించి, ఆమె ముందే రోడ్డు మీద గుట్టలో వేశాను. గుట్టంటే మామూలు గుట్ట కాదు. ప్రతి ఇంటి ముందూ పరుపులు, సోఫాలు, పిల్లల పుస్తకాలు, ఫ్రిజ్‌లు. వేరే ఊళ్ళ మున్సిపాలిటీల నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు ఎత్తుతూనే ఉన్నారు. ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. మా జీవితకాలంలో కొన్నదంతా ఒక్క వారంలో లారీలెక్కింది. అది ఏ ఊరి చివర దింపారో అడగాలని అప్పుడు తోచలేదు.

పిన్ని దగ్గర్నుంచి ఆ కనకాంబరం ముక్క అడిగి తెచ్చుకున్నా. ఉతికితే రంగు చెక్కుచెదరలేదు. అంత గట్టిది.

ఇప్పుడు జాకెట్టు ఇచ్చేటప్పుడు మిగిలిన ముక్కలు చిన్న పొట్లం కట్టి కస్టమర్లకే ఇస్తున్నా. కొందరు అతుకులకి పనికొస్తాయని తీసుకుంటారు. ఒకావిడ మెట్ల మీదే వదిలేసి స్కూటీ ఎక్కింది. మిగతావి సన్నగా కత్తిరించి దిండ్లలో కూరుతున్నా. ఒక్కో దిండుకి రెండు కిలోల పైనే పడుతుంది, రాయిలా ఉంటుంది. పిన్నికి ఒకటిచ్చా, మోకాళ్ళ కింద వేసుకుంటానంది. ఇంట్లో నలుగురం, దిండ్లు తొమ్మిదయ్యాయి. సంచి మళ్ళీ సగం నిండింది.